ముందు అటకెక్కండి... తర్వాతే గృహప్రవేశం!

అమెరికాలో ఉన్న కొడుకో కూతురో 'ఇల్లు కొనాలనుకుంటున్నాం' అని ఫోన్‌ చెయ్యగానే ఇక్కడ మనం అడిగే మొదటి ప్రశ్న... 'గుమ్మం ఏ వైపుంది?'. రెండోది, 'వంటిల్లు ఆగ్నేయంలోనే ఉందా?'. మూడోది, 'చుట్టుపక్కల మనవాళ్లెవరైనా ఉన్నారా? గుడి ఎంత దూరం?'. ఆ తర్వాత వీడియోకాల్లో ఇల్లంతా తిప్పి చూపిస్తారు. గ్రానైటు గట్టు, నిలువెత్తు ఫ్రిజ్‌, పెరట్లోంచి చూస్తే ఓ చిన్న చెరువు. 'నీళ్లు ఈశాన్యంలో ఉన్నాయిరా, ఇంకేం ఆలోచించకు' అని పెద్దాయన తేల్చేస్తారు.

ఆ ఇల్లు ఫ్లోరిడాలోనో టెక్సస్‌ తీరంలోనో ఉంటే మాత్రం అడగాల్సిన మొదటి ప్రశ్న వేరే ఉంది. 'పైకప్పు వయసెంత?'

మనం తుపాను అంటాం, వాళ్లు హరికేన్‌ అంటారు. పేరే తేడా, జాతి ఒకటే. 1977 దివిసీమ ఉప్పెన గురించి పెద్దల నోట విన్నవాళ్లకీ, 2014లో హుద్‌హుద్‌ రోజున విశాఖలో కిటికీ అద్దాలు పగిలిపోతుంటే తలుపుకి బీరువా అడ్డుపెట్టుకుని కూర్చున్నవాళ్లకీ దాని సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. అట్లాంటిక్‌లో తుపాన్ల కాలం జూన్‌ 1న మొదలై నవంబరు 30 దాకా ఉంటుంది. 2022 సెప్టెంబరులో ఇయన్‌ వచ్చి ఫోర్ట్‌ మయర్స్‌ తీరాన్ని ఊడ్చేసింది. 2024లో అయితే రెండు వారాల వ్యవధిలో హెలీన్‌, మిల్టన్‌ ఒకదాని వెనక ఒకటి టాంపా ప్రాంతం మీద పడ్డాయి. అదే టాంపాలో, జాక్సన్‌విల్‌లో, టెక్సస్‌ వైపు హ్యూస్టన్‌లో ఏటా ఎన్నో తెలుగిళ్ల పిల్లలు మొదటి ఇల్లు కొంటూనే ఉన్నారు.

మన దగ్గర ఇల్లు కొనేటప్పుడు లాయరుకి కాగితాలు చూపిస్తాం. ఈసీ తీయిస్తాం, లింకు డాక్యుమెంట్లు సరిచూస్తాం. ఇంటిని మాత్రం మనమే చూసుకుంటాం. మహా అయితే తెలిసిన మేస్త్రీని వెంటబెట్టుకెళ్తాం. అక్కడ ఆ మేస్త్రీ చేసే పనే ఓ వృత్తి. హోమ్‌ ఇన్‌స్పెక్టర్‌ అంటారు. ఫ్లోరిడాలో ఆ పని చెయ్యాలంటే రాష్ట్రప్రభుత్వ లైసెన్సు ఉండాలి. కొనేవాళ్లే డబ్బిచ్చి పిలిపించుకుంటారు. కొన్ని వందల డాలర్లు అవుతుంది. ఆయనొచ్చి రెండు మూడు గంటలు ఇల్లంతా తిరిగి, కప్పెక్కి, అటక మీదికి పాకి, కరెంటు పెట్టె మూత విప్పి, కుళాయిలన్నీ తిప్పి, ఫొటోలతో సహా పెద్ద నివేదిక రాసిస్తాడు. గోడలు పగలగొట్టి చూడడు. కంటికి కనిపించినంత వరకే అతని పూచీ.

ధర కుదిరి, బయానా కట్టాక కూడా వెనక్కి తగ్గే వీలుంది. ఫ్లోరిడాలో ఎక్కువగా వాడే 'ఉన్నది ఉన్నట్టు' ఒప్పందపత్రంలో, వేరే అంకె వెయ్యకపోతే తనిఖీ గడువు 15 రోజులు. ఈలోగా 'మాకొద్దు' అని రాసిస్తే బయానా తిరిగొచ్చేస్తుంది. గడువు దాటాక మనసు మారితే ఆ డబ్బు మీద ఆశ వదులుకోవాల్సి రావచ్చు. 2021, 22 సంవత్సరాల్లో ఇళ్లకు విపరీతమైన గిరాకీ ఉన్నప్పుడు చాలామంది పోటీలో నెగ్గడానికి 'మేం తనిఖీ చేయించుకోం' అని రాసిచ్చి మరీ కొనేశారు. వాళ్ల ధైర్యానికి దండం పెట్టాలి, మెచ్చుకోలేం.

మేకుల లెక్క

ఇక్కడో పాత కథ చెప్పుకోవాలి. 1992 ఆగస్టు 24 తెల్లవారుజామున ఆండ్రూ అనే హరికేన్‌ మయామీకి దక్షిణాన, హోమ్‌స్టెడ్‌ దగ్గర తీరం దాటింది. 63 వేలకు పైగా ఇళ్లు నేలమట్టమయ్యాయి. గాలివేగం ఎక్కువే, కాదనలేం. కానీ శిథిలాలు పరిశీలించినవాళ్లు చూసి నివ్వెరపోయింది వేరే విషయం. కప్పు మీద పరిచిన చెక్క పలకల్ని చాలాచోట్ల స్టేపుల్‌ పిన్నులతో బిగించారు. వాటిలో ఎన్నో కింద ఉన్న దూలానికి తగలనేలేదు, పక్కన గాల్లో దిగబడి ఉన్నాయి. పలక లేచిపోయింది, వాన ఇంట్లోకొచ్చింది, ఇల్లు పోయింది. ఆ తర్వాతే దక్షిణ ఫ్లోరిడాలో నిర్మాణ నిబంధనలు తిరగరాశారు. 2002 మార్చి నుంచి రాష్ట్రమంతటికీ ఒకే నిర్మాణ నియమావళి వచ్చింది. అందుకే ఫ్లోరిడాలో ఇల్లు ఎప్పుడు కట్టారన్నది 2002కి ముందా, తర్వాతా అని అడుగుతారు.

'అమెరికావన్నీ చెక్కిళ్లేగా' అని మనవాళ్లు పెదవి విరుస్తుంటారు. ఫ్లోరిడాలో కాంక్రీటు దిమ్మెలతో కట్టిన గోడలు చాలానే కనిపిస్తాయి. అవి చూసి అక్కడికెళ్లిన నాన్నలు గోడ తట్టి సంతోషపడతారు కూడా. కానీ ఆ గట్టి గోడ మీద కూర్చునే కప్పు మాత్రం చెక్కదే. గోడకీ కప్పుకీ ఉన్న బంధం ఏమిటన్నదే అసలు ప్రశ్న.

తుపాను గాలి ఇంటిని పక్కకి నెట్టేస్తుందనుకుంటాం. అది అంతకంటే ముందు చేసేది కప్పుని పైకి లాగడం. వాలు కప్పు మీదుగా గాలి దూసుకుపోతుంటే పైన పీడనం తగ్గి, కప్పు లేవడానికి చూస్తుంది. ఈలోగా ఓ కిటికీ అద్దమో, గ్యారేజీ తలుపో పగిలిందంటే గాలి లోపలికి జొరబడి కింది నుంచి కూడా తోస్తుంది. పైనుంచి లాగుడు, కిందినుంచి తోపుడు. రెండు కార్లు పట్టేంత వెడల్పుండే గ్యారేజీ తలుపే చాలా ఇళ్లలో బలహీనమైన చోటు. (కిటికీ అద్దాలకి అడ్డంగా టేపు అంటించడం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. దానివల్ల ప్రయోజనం లేదు. అద్దం పగలకుండా ఆపే శక్తి టేపుకి లేదు.)

ఈ కప్పు-గోడ బంధాన్ని చూడటానికే ఫ్లోరిడాలో ప్రత్యేకంగా ఓ తనిఖీ ఉంది. 'విండ్‌ మిటిగేషన్‌' అంటారు, గాలిని తట్టుకునే శక్తికి పరీక్ష అనుకోండి. ఇన్‌స్పెక్టరు టార్చిలైటు పట్టుకుని అటకెక్కి దూలం గోడని కలిసే చోట ఫొటో తీస్తాడు. ఏటవాలుగా కొట్టిన మేకులు మాత్రమే ఉంటే అది అన్నిటికంటే బలహీనం. లోహపు క్లిప్పు ఉంటే కాస్త నయం. దూలం మీదుగా పట్టీ తిప్పి అటూ ఇటూ మేకులు కొడితే ఇంకా గట్టి. కట్టేటప్పుడు ఆ పట్టీకయ్యే ఖర్చు చాలా స్వల్పం. అది లేకపోతే లక్షల డాలర్ల ఇల్లు మేకుల మీదే ఆధారపడి ఉంటుంది. దీంతోపాటు పలకలకి ఎంత పొడవు మేకులు ఎంతెంత దూరంలో కొట్టారు, కప్పు ఆకారం ఏమిటి, పెంకు కింద నీళ్లు దిగకుండా రెండో పొర ఉందా, కిటికీలకీ తలుపులకీ షట్టర్లో గట్టి అద్దాలో ఉన్నాయా... ఇవన్నీ రాస్తాడు. మంచి మార్కులొస్తే గాలి నష్టానికి కట్టే బీమా ప్రీమియంలో రాయితీ ఇవ్వాలని అక్కడి చట్టమే చెబుతోంది. ఒకసారి చేయిస్తే నివేదిక ఐదేళ్ల దాకా చెల్లుతుంది.

కప్పు ఆకారం అంటే గుర్తొచ్చింది. నాలుగు వైపులా వాలుండే కప్పు రెండు వాలుల కప్పుకంటే గాలికి బాగా నిలబడుతుంది, రాయితీ కూడా దానికే. మన ఉత్తరాంధ్ర తీరంలో పాతకాలం చుట్టిళ్లు చూడండి. గుండ్రటి మట్టిగోడ, నేలకి దగ్గరగా దిగిన శంఖాకారపు కప్పు. గాలికి పట్టు దొరికే మూల ఒక్కటి లేదు. ఏ ఇన్‌స్పెక్టరూ చెప్పకుండానే మనవాళ్లు తెలుసుకున్న సంగతి అది!

బాబాయి కొబ్బరితోట

మా బాబాయిది కోనసీమ. ఆయన కొడుకు, అంటే మా అన్నయ్య, టాంపా దగ్గర ఉద్యోగం. 2024 వేసవిలో అన్నయ్యా వదినా ఓ ఇల్లు చూశారు. 1978లో కట్టింది. సముద్రపు పాయ నాలుగు వీధుల అవతల. వంటిల్లు మాత్రం కొత్తగా తీర్చిదిద్దారు, గట్టు ముందు పెద్ద కిటికీ. వదినకి ఆ కిటికీ దగ్గరే మనసు నిలిచిపోయింది. మొదటి విడత సొమ్ముకి తక్కువైతే బాబాయి అరెకరం కొబ్బరితోట అమ్మి పంపించాడు. 'ఈ డబ్బు కానుక, తిరిగివ్వక్కర్లేదు' అని అప్పిచ్చే బ్యాంకుకి తండ్రి రాసివ్వాలి. సంతకం పెడుతూ 'కన్నకొడుక్కిచ్చి తిరిగడుగుతానని ఎలా అనుకున్నార్రా వాళ్లు!' అని ఒకటే ఆశ్చర్యపోయాడాయన.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. అటకలో దూలాలకి ఏటవాలు మేకులే. ఊరి అనుమతుల రికార్డులో చూస్తే కప్పు వేసి 17 ఏళ్లు. ఇవి సరే. కింది గదుల్లో గోడ నాలుగడుగుల ఎత్తు వరకూ ఒక రకంగా, ఆపైన మరో రకంగా ఉందని టార్చి వేసి చూపించాడు. గోడ అడుగున కొట్టిన చెక్కపట్టీలన్నీ కొత్తవి. గ్యారేజీలో వేణ్నీళ్ల బాయిలరు అడుగున తుప్పు. తేమ కొలిచే పరికరం ఓ మూల కూత పెట్టింది. 'నీళ్లొచ్చి వెళ్లిన ఇల్లులా ఉంది' అన్నాడు, అంతకుమించి తాను చెప్పలేనని కూడా అన్నాడు. అంతకు ముందు ఏడాది, 2023 ఆగస్టులో, ఇడాలియా తుపానుకి ఆ చుట్టుపక్కల పల్లపు వీధులు మునిగిన మాట వాస్తవం. అమ్మేవాళ్లు మాత్రం ఆ ఊసెత్తలేదు.

అన్నయ్య బాబాయికి ఫోన్‌ చేశాడు. 'నాన్నా, మానేద్దామనుకుంటున్నాం.' 'ఒరేయ్‌, పాత ఇంట్లో నాలుగు మేకులు లూజుగా ఉంటే మానేస్తావా? మేకులు కొట్టించుకోండి' అని ఈయన. వదిన ఫోన్‌ తీసుకుని 'మేకులొక్కటే కాదు మామయ్యగారూ, బీమా వాళ్లు కూడా ముందుకు రావట్లేదు' అని చెప్పింది. ఒక కంపెనీ కాదంది, ఇంకొకటి వీళ్లు లెక్కేసుకున్న దానికి రెట్టింపు అడిగింది. గడువు ఇంకా మూడు రోజులుండగా రద్దు చేసుకున్నారు. బయానా వెనక్కొచ్చింది. తనిఖీలకి పెట్టిన ఎనిమిది వందల డాలర్లు రాలేదు. రెండు రోజులు ఇంట్లో ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదట.

ఆ ఇల్లు వేరేవాళ్లు కొన్నారు. సెప్టెంబరు 26 రాత్రి హెలీన్‌ వచ్చింది. తీరం దాటింది చాలా ఉత్తరాన, అయినా ఉప్పెన టాంపా తీరమంతా ముంచేసింది. వారం తర్వాత వీళ్లు అటుగా వెళ్తే ఆ వీధి పొడుగునా ప్రతి గుమ్మం ముందూ తడిసిన సోఫాలు, పరుపులు, కోసిపారేసిన గోడ ముక్కలు గుట్టలుగా ఉన్నాయి. ఆ ఇంటి ముందు గుట్టలో ఓ పసిపిల్ల ఊయల మంచం కూడా ఉందని వదిన చెప్పింది. చెబుతూ ఇంకేమీ అనలేదు. వాళ్లు 2025లో, తీరానికి బాగా లోపల, 2006లో కట్టిన ఇల్లు కొనుక్కున్నారు. వంటిల్లు పాతదే.

గాలి వేరు... నీళ్లు వేరు

అమెరికా బీమా భాషలో మనవాళ్లు తరచూ బోల్తాపడేది ఇక్కడే. ఇంటి బీమా మామూలుగా గాలి నష్టానికి వర్తిస్తుంది. వరదకి వర్తించదు. కప్పు లేచిపోయి వాననీళ్లు పైనుంచి వస్తే ఒక పాలసీ, ఉప్పెన నీళ్లు గుమ్మంలోంచి వస్తే మరో పాలసీ. రెండోది విడిగా తీసుకోవాలి. కేంద్రప్రభుత్వ వరద బీమా పథకంలో ఇంటికి గరిష్ఠంగా 2.5 లక్షల డాలర్లు, సామాన్లకి లక్ష డాలర్లు వస్తాయి. మామూలుగా పాలసీ కట్టిన 30 రోజులకి గానీ అది అమల్లోకి రాదు. ఇల్లు కొనే రుణంతోపాటే తీసుకుంటే ఆ ఆగుడు లేదు. ఇంట్లోకి ఒక్క అంగుళం నీళ్లొచ్చినా నష్టం 25 వేల డాలర్ల దాకా ఉండొచ్చని ఫెమా, అంటే వాళ్ల విపత్తుల సంస్థ, అంచనా.

ఆ ఫెమానే వరద పటాలు గీస్తుంది. ఏఈ, వీఈ అని ఉంటే ప్రమాదం ఎక్కువున్న ప్రాంతం. అక్కడ బ్యాంకు రుణం కావాలంటే వరద బీమా సాధారణంగా తప్పనిసరి. ఎక్స్‌ అని ఉంటే తప్పనిసరి కాదు. 'మాది ఎక్స్‌ జోనే, భయం లేదు' అని గుండెమీద చెయ్యేసుకుని పడుకునేవాళ్లున్నారు. 2017లో హార్వీ వచ్చినప్పుడు హ్యూస్టన్‌ ఉన్న హారిస్‌ కౌంటీలో మునిగిన ఇళ్లలో సగానికి పైగా ఆ ప్రమాద రేఖకి అవతలివే. ఇవతల ఉన్నవాళ్ల లెక్క కూడా చూడండి. 'వందేళ్ల వరద' అంటే వందేళ్లకోసారి వస్తుందని కాదు, ఏ ఏడాదైనా నూటికి ఒక వంతు అవకాశం ఉందని. ముప్పై ఏళ్ల రుణం తీరేలోపు అది నూటికి 26 అవుతుంది. అంటే నలుగురిలో ఒకరికి.

ఫ్లోరిడాలో 2024 అక్టోబరు 1 నుంచి ఒక మంచి చట్టం అమల్లోకొచ్చింది. వరద నష్టానికి బీమా కోరారా, ప్రభుత్వ సాయం తీసుకున్నారా అన్నది అమ్మేవాళ్లు ఒప్పందానికి ముందే రాసివ్వాలి. ఆ కాగితం అడిగి తీసుకోవాలి. అయినా తనిఖీ మానక్కర్లేదు. కాగితానికి తెలియని సంగతులు గోడకి తెలుస్తాయి.

పెరట్లో చెరువు కూడా మురిపానికి తవ్వింది కాదు. అక్కడి కాలనీల్లో వాననీళ్లు వీధుల్లో నిలవకుండా తవ్విన గుంట అది. ఒడ్డు ఇంటికంటే ఎంత కిందుందో చూసుకోవాలి.

బీమాది మరో తలనొప్పి. పాత ఇంటికి పాలసీ ఇచ్చేముందు కంపెనీలు 'ఫోర్‌ పాయింట్‌' అనే ఇంకో తనిఖీ అడుగుతాయి. కప్పు, కరెంటు, నీటి పైపులు, ఏసీ... ఈ నాలుగూ. మామూలు తనిఖీతోపాటే ఈ రెండూ కూడా ఒకే మనిషి చేత ఒకే రోజు చేయించుకుంటే ఖర్చు కలిసొస్తుంది. 1978 నుంచి 1995 మధ్య చాలా ఇళ్లకి వేసిన బూడిదరంగు పాలీబ్యుటిలీన్‌ పైపులు కనిపిస్తే బీమా వాళ్లు మొహం తిప్పేసుకుంటారు. కప్పు వయసు 15 ఏళ్లలోపుంటే, వయసొక్కటే సాకుగా చూపి పాలసీ నిరాకరించకూడదని 2022లో చట్టం చేశారు. అంతకుమించితే ఇంకా కనీసం ఐదేళ్లు నిలుస్తుందని తనిఖీలో తేలాలి. అందుకే తనిఖీ నివేదిక చేతికి రాగానే బీమా ఏజెంటుకి పంపించి, ప్రీమియం ఎంతో తెలుసుకున్నాకే గడువు దాటనివ్వాలి. నెలనెలా కట్టే వాయిదాలో సాధారణంగా అదీ కలుస్తుంది.

పాలసీలో 'హరికేన్‌ డిడక్టబుల్‌' అనే గడి ఒకటుంటుంది. రెండు శాతం అని చిన్నగా కనిపిస్తుంది. నష్టంలో రెండు శాతం కాదది, ఇంటికి చేసిన బీమా మొత్తంలో. నాలుగు లక్షల డాలర్లకి బీమా చేస్తే మొదటి ఎనిమిది వేలు మీరే పెట్టుకోవాలి. మన డబ్బులో ఆరు లక్షల పైమాటే.

కొత్త ఇల్లయితే తనిఖీ ఎందుకు అనుకునేవాళ్లు మనలో చాలామంది. నిజానికి కొత్త ఇంట్లోనే చూడటం తేలిక. లోగోడ పలకలు మూసేముందు ఒకసారి ఇన్‌స్పెక్టరుని పిలిస్తే ఏ పట్టీ ఎక్కడ బిగించారో, ఎక్కడ మర్చిపోయారో అన్నీ కళ్లెదుటే కనిపిస్తాయి. తర్వాత ఏడాది వారంటీ ముగిసేలోపు, పదకొండో నెలలో ఇంకోసారి. అన్నట్టు, 2004 నుంచి 2007 మధ్య కట్టిన ఇల్లయితే మరో జాగ్రత్త. 2004, 05 తుపాన్ల తర్వాత గోడపలకలకి కరువొచ్చి చైనా నుంచి దిగుమతి చేసుకున్నారు. వాటిలో కొన్ని గంధకపు వాయువులు వదిలి రాగి తీగల్నీ ఏసీ గొట్టాల్నీ నల్లబరిచాయి. ఇంట్లో కోడిగుడ్డు కుళ్లిన వాసనొస్తే అనుమానించాల్సిందే.

అపార్ట్‌మెంటు కొంటున్నవాళ్లు ఫ్లాటు ఒక్కటే చూస్తే చాలదు. 2021 జూన్‌లో సర్ఫ్‌సైడ్‌లో 12 అంతస్తుల భవనం కూలి 98 మంది చనిపోయాక, మూడు, అంతకంటే ఎక్కువ అంతస్తులున్న పాత భవనాలకి నిర్మాణ తనిఖీలు తప్పనిసరి చేశారు. ఆ నివేదిక, మరమ్మతు నిధి లెక్కలు చూపించమని అడగాలి.

పిల్లలకి వీలైతే తనిఖీ రోజు దగ్గరుండమనండి. చివర్లో నివేదిక చదవడం వేరు, అటక నిచ్చెన మీద నిలబడి ఆ మేకుని కళ్లారా చూడటం వేరు. తుపాన్ల కాలంలో కొంటుంటే ఇంకో చిక్కుంది. గల్ఫ్‌లో తుపానుకి పేరు పెట్టారంటే బీమా కంపెనీలు కొత్త పాలసీలు రాయడం ఆపేస్తాయి. పాలసీ లేకపోతే బ్యాంకు డబ్బు వదలదు, డబ్బు లేకపోతే రిజిస్ట్రేషను లేదు. ముహూర్తం పెట్టుకుని, బంధువులకి టిక్కెట్లు కొనిపించి, సామాను లారీకెక్కించాక వారం పది రోజులు ఆగాల్సి వస్తుంది. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో గృహప్రవేశం పెట్టుకునేవాళ్లు పంతుల్ని అడిగే ముందు బీమా ఏజెంటుతో ఓ మాట మాట్లాడి, పాలసీ ఎంత ముందుగా ఖాయం చేసుకోవచ్చో కనుక్కోవడం నయం.